జగం మాయ కాదు

బుద్ధుని ఎదుట ఒకసారి విరహగీతం పాడారు. ఈ మాట చెబితే మన ఉపాసకుల్లోనే చాలామంది నమ్మరు. దీఘనికాయంలో సక్కపఞ్హ సుత్తం తీసి చూడండి. రాజగృహానికి తూర్పున అంబసండ అనే బ్రాహ్మణ గ్రామం, దానికి ఉత్తరాన వేదియక పర్వతం, ఆ కొండలో ఇందసాల గుహ. లోపల బుద్ధుడు ధ్యానంలో ఉన్నాడు. దేవతల రాజైన సక్కుడికి నేరుగా లోపలికి వెళ్లడానికి జంకు. ముందుగా పంచశిఖుడనే గంధర్వ యువకుణ్ణి పంపాడు. అతడు వీణ తీసి పాడింది స్తోత్రం కాదు. భద్ద అనే అమ్మాయి మీద తన ప్రేమ, ఆమె దక్కని బాధ. ఆ పాటలో బుద్ధుడూ వస్తాడు, అరహంతులూ వస్తారు, కానీ పోలికలుగా మాత్రమే. పాట అంతా ఆ పిల్ల గురించే.

బుద్ధుడు కసరలేదు. తంత్రుల స్వరం గొంతుతోనూ, గొంతు తంత్రులతోనూ చక్కగా కలిశాయనీ, ఒకటి రెండోదాన్ని మింగేయలేదనీ మెచ్చుకున్నాడు. ఆ తర్వాత, ఇవి ఎప్పుడు కట్టావని అడిగాడు. పంచశిఖుడు దాచకుండా చెప్పాడు. తమరు నేరంజరా ఒడ్డున అజపాల మర్రి కింద ఉన్న రోజుల్లో కట్టాను. ఆమె తింబరు కూతురు. ఆమె మనసు నా మీద లేదు, మాతలి కొడుకు శిఖద్ధి మీద ఉంది. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు దక్కలేదు, అన్నీ ఆ జవాబులో ఉన్నాయి. భర్హుత్ స్తూపం శిల్పులు ఈ గుహను రాతిలో చెక్కి, పక్కన దాని పేరు కూడా చెక్కారు. అంటే ఈ కథను ఆనాటి ఉపాసకులు చాటుమాటుగా చెప్పుకోలేదన్నమాట.

ఈ సుత్తం ఇప్పుడు తలపుకు రావడానికి కారణం ఉంది. తెలిపారాలో ఆదివారం వందన అయ్యాక మేము కొందరం కూర్చుని ఏదో ఒకటి చదువుకుంటాం. ఈమధ్య ఒక అమ్మాయి చదవడానికి బదులు వినిపించింది. బాన్ ఇవేర్ అనే పేరుతో జస్టిన్ వెర్నన్ అనే అమెరికన్ పాడిన 'ఫర్ ఎమ్మా, ఫరెవర్ ఎగో'. తొమ్మిది పాటలు, ముప్పావు గంట కూడా పట్టదు. అయ్యాక ఆ అమ్మాయి అడిగింది: "అక్కా, నేను రోజూ ఇదే వింటున్నాను. ఏడో శీలం తప్పినట్టా?"

దీనికి జవాబు చిన్నదే. పాటకూ ఆటకూ దూరంగా ఉండమన్న శీలం గృహస్థులకు ఉపోసథ దినాలది, అన్ని దినాలదీ కాదు. అంగుత్తర నికాయంలో, ఆర్యుల వినయంలో గానమంటే ఏడుపే అన్న మాట ఒకటి ఉంది. అది భిక్షువులకు చెప్పింది. అయినా ఆ మాటను తిట్టుగా కాక, నిర్వచనంగా తీసుకుంటే మాకు పనికొస్తుంది. సరే, గానం ఏడుపే. మరి ఏ ఏడుపు దేనికి దారితీస్తుంది? ఏది ఏడ్చినవాడి కళ్లు కడుగుతుంది, ఏది కళ్లకు గంత కడుతుంది?

ఆ రోజు కూర్చున్నవాళ్లలో పెద్దలు మాత్రం పెదవి విరిచారు. మనకు దేవదాసు ఉండగా ఈ ఇంగ్లీషు మూలుగు ఎందుకన్నారు. బిలాస్‌పూర్ రైలు కాలనీల్లోనూ తెలిపారాలోనూ తెలుగు చదవడం రాని మూడో తరం ఉంది, ఇంట్లో సగం హిందీ, బజారులో ఛత్తీస్‌గఢీ. కానీ ఘంటసాల గొంతు వినబడితే ఆ పిల్లలు కూడా గుర్తుపడతారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైలు పనికి వచ్చినవాళ్లు వెంట తెచ్చుకున్న సామానులో ఆ గొంతు ఒకటి. కాబట్టి పోలిక వేయాల్సిందే. వేశాం. పెద్దలకు మా తీర్పు నచ్చలేదు.

'దేవదాసు' 1953లో వచ్చింది. దర్శకుడు వేదాంతం రాఘవయ్య, పాటలు సముద్రాల రాఘవాచార్యవి, సంగీతం సి.ఆర్. సుబ్బరామన్‌ది. సినిమా విడుదల కాకముందే, 1952లో, ముప్పై ఏళ్లైనా నిండకుండా సుబ్బరామన్ చనిపోయాడు. ఆ బాణీల ముందు మేము చేతులు జోడిస్తాం. ఘంటసాల గొంతు తాగినవాడి గొంతులా తూలుతుంది గానీ శ్రుతి తప్పదు. అది నటన కాదు, శిల్పం. మా ఫిర్యాదు వేరే. 'జగమే మాయ', 'అంతా భ్రాంతియేనా', 'కల ఇదని నిజమిదని': పాటల పేర్లే వరసగా చూడండి. మాయ, భ్రాంతి, కల. ఒక్క సినిమాలో ఒక్క ప్రేమ విరిగితే, వేదాంతం పెట్టె మొత్తం విప్పారు.

విరిగింది ఎందుకు? సినిమా చూసిన పిల్లలు కూడా చెప్పగలరు. దేవదాసు జమీందారు కొడుకు. పార్వతి పక్కింటి పిల్ల, అంతస్తులో తక్కువ. శరత్‌బాబు 1917 నాటి నవలలో ఇంకా విప్పి చెప్పాడు. పార్వతి ఇంటివాళ్లు ఆడపిల్లకు సొమ్ము పుచ్చుకుని పెళ్లి చేసే వంశమనీ, అందుకే జమీందారు ఇంటికి వాళ్లు చిన్నచూపనీ. వర్ణం ఒకటే అయినా మెట్లు వేరు. బాబాసాహెబ్ కులాన్ని మెట్ల మీద మెట్లుగా పేర్చిన అసమానత అన్నది ఇందుకే, మెట్లు ఒక కులం లోపల కూడా ఉంటాయి. తండ్రి వద్దన్నాడు. కొడుకు ఎదిరించలేక పట్నం పోయి, నన్ను మరిచిపో అని ఉత్తరం రాశాడు. తర్వాత పశ్చాత్తాపపడి వచ్చి, ఆమె అభిమానంగా మాట్లాడితే నుదురు పగలగొట్టాడు. పార్వతి ఎదిగిన పిల్లలున్న ముసలి జమీందారుకు భార్య అయింది. ఇందులో మాయ ఎక్కడ? తండ్రి అహంకారం ఉంది, కొడుకు పిరికితనం ఉంది, ఆడదాని నుదుటి మీద మచ్చ ఉంది. అన్నీ చేతులు చేసిన పనులే. జగం మీదికి నేరం తోసేస్తే ఆ చేతులన్నీ కడుక్కున్నట్టే.

ఇంకొక్కటి. నవల చివర దేవదాసు శవాన్ని ఆ ఊళ్లో ఎవరూ ముట్టరు. చండాలుర చేత మోయిస్తారు, సగం కాలిన శవాన్ని ఎండిన చెరువు గట్టున వదిలేస్తారు. వందేళ్లుగా ఈ కథను తీసిన సినిమావాళ్లూ కట్టిన పాటలవాళ్లూ ఆ మోసినవాళ్ల వైపు తిరిగి చూడలేదు. మా చదువరులు చూడాలి. అందరూ ఏడ్చిన ఆ చావులో పని మిగిలింది ఎవరికి?

ఇక్కడ ఒక మిత్రుడు అడ్డు వచ్చాడు. మన దగ్గర మాత్రం మాయ లేదా, ఫేణ సుత్తంలో రూపాన్ని నురగతోనూ విజ్ఞానాన్ని గారడీతోనూ పోల్చలేదా, నాగార్జునుడు కలనూ గంధర్వ నగరాన్నీ ఉదాహరణగా చెప్పలేదా అన్నాడు. మంచి అడ్డంకి. పైగా మా ప్రాంతం వాడి నోట. హ్యూయన్‌త్సాంగ్ నాగార్జునుణ్ణి ఈ దక్షిణ కోసలతోనే ముడిపెట్టాడు కదా, సిర్పూర్ విహారాలు చూసి వచ్చిన ఎవరికైనా ఆ గర్వం ఉంటుంది. కానీ ఆ పోలికలు దేనికోసం చెప్పినవో చూడాలి. నురగ అని చెప్పింది 'నాది' అని పట్టుకున్న పిడికిలి వదులు చేయడానికి. కారణాన్ని కప్పెట్టడానికి కాదు. నాగార్జునుడికి శూన్యమంటే కారణాల మీద ఆధారపడి పుట్టడమే. కారణాలను వెతకడం మానేయమని ఆయన అనలేదు, వ్యవహార సత్యాన్ని విడిచి పరమార్థం చెప్పడం కుదరదనే అన్నాడు. దేవదాసు నోట మాయ అన్న మాట పిడికిలిని వదులు చేయదు, సీసా చుట్టూ ఇంకా బిగిస్తుంది. ఒకే మాట, రెండు పనులు. బాబాసాహెబ్ 'బుద్ధుడు – ఆయన ధమ్మం'లో మతం పని లోకం పుట్టుక చెప్పడమైతే, ధమ్మం పని లోకాన్ని తిరిగి కట్టడం అన్నారు. మాయను తిరిగి కట్టేదెవరు?

మిర్యాలగూడలో 2018 సెప్టెంబరులో ఆసుపత్రి ముందు, గర్భవతి అయిన భార్య పక్కనే ఒక యువకుణ్ణి నరికి చంపారు. అతడు మన కులాలవాడు, ఆమె పైకులం పిల్ల. ఆ వార్త విన్నాక ఎవరైనా మాకు జగమే మాయ అని పాడి వినిపిస్తే ఎంత మధురమైన గొంతైనా భరించలేం.

ఇక వెర్నన్ ఆల్బం. ఉత్తర కరోలినాలో అతని బ్యాండు విడిపోయింది, ప్రేమ విడిపోయింది, ఒళ్లు కూడా చెడింది. 2006 చలికాలంలో సొంత రాష్ట్రం విస్కాన్సిన్ వెళ్లి తండ్రి వేట గుడిసెలో సుమారు మూడు నెలలు ఒంటరిగా ఉండి, ఉన్న కొద్దిపాటి సామానుతోనే ఈ పాటల్లో ఎక్కువ భాగం రికార్డు చేశాడు. 2007లో తానే విడుదల చేసుకున్నాడు, 2008లో ఒక కంపెనీ తీసుకుని లోకమంతటికీ అందించింది. అతని పద్ధతి వింతైనది. ముందు మాటలు లేకుండా రాగం పాడి, ఆ ధ్వనుల మీద తర్వాత మాటలు వెతుక్కున్నాడు. అందుకే ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లకు కూడా సగం మాటలు అందవు. మాకు మొదట ఇది లోపమనిపించింది. నాలుగుసార్లు విన్నాక వేరుగా తోచింది. ఏడ్చేవాడి నోట మాట ముందు రాదు, శోకం ముందు వస్తుంది. మన ఊళ్లలో శోకాలు పెట్టే ముసలమ్మలకు ఈ సంగతి తెలుసు.

గొంతును పైస్థాయిలో ఉంచి, దాని మీద తన గొంతునే పొరలు పొరలుగా వేసుకున్నాడు. ఒక్కడే పదిమందిలా వినిపిస్తాడు. ఒంటరితనం అంటే లోపల గుంపు ఉండటమే అని ఆ పొరలు చెబుతాయి. ఎమ్మా అంటే ఒక మనిషి కాదు, మనిషి ఇరుక్కుపోయే ఒక చోటు అనే అర్థంలో అతను చెప్పుకున్నాడు. ఈ మాట మాకు ధమ్మానికి దగ్గరగా అనిపించింది, తణ్హ గురించి అభిధమ్మం చదవని పిల్లవాడు చెప్పగలిగినంత. అతను లోకాన్ని తిట్టడు, లోకం లేదని కూడా అనడు. పెట్టుకున్న పేరు ఫ్రెంచిలో 'మంచి చలికాలం' అన్న పలకరింపు నుంచి, ఒక అక్షరం తగ్గించి తీసుకున్నది. బాధకు కాలం పేరు పెట్టాడు. కాలం పోతుంది.

లోపం లేదా? ఉంది, పెద్దదే. ఆ పాటల్లో అతను తప్ప మరెవరూ లేరు. విడిపోయిన అమ్మాయి ఏమనుకుందో ఒక్క చోటా తెలియదు. ఆ మాటకొస్తే పంచశిఖుడి కథలో కూడా భద్దను ఎవరూ అడగలేదు. చివర సక్కుడు సంతోషించి ఆమెను గంధర్వుడికి ఇచ్చేస్తాడు. సుత్తం పట్ల భక్తి ఉన్నా ఆ చోట మాకు మింగుడుపడదు. ఇంకో సంగతి, గుండె పగిలితే వెళ్లి కూర్చోవడానికి తండ్రి గుడిసె ఉండటం ఒక భాగ్యం. రెండు గదుల రైల్వే క్వార్టర్లో, పక్కగదిలో నైట్ డ్యూటీ చేసి వచ్చిన నాన్న నిద్రపోతుంటే, ఆడపిల్ల ఎక్కడ ఏడుస్తుంది? మమ్మల్ని అడిగిన అమ్మాయికి చెవుల్లో పెట్టుకున్న ఇయర్‌ఫోనే గుడిసె. అందుకే ఆమెను వినడం మానమని మేము అనలేదు. పాట అయ్యాక ఏం చేస్తున్నావు అని మాత్రం అడిగాం.

ఎందుకంటే సక్కపఞ్హ సుత్తంలో అసలు కథ పాట అయ్యాకే మొదలవుతుంది. సక్కుడు వస్తాడు, అడుగుతాడు. వైరం లేకుండా బతకాలని కోరుకునే జీవులు వైరంతోనే ఎందుకు బతుకుతున్నారు? ఈర్ష్య, పిసినారితనం వల్ల. అవి ఎందువల్ల? ప్రియం, అప్రియం అని పంచుకోవడం వల్ల. అది కోరిక వల్ల, కోరిక తలపుల వల్ల, తలపులు ప్రపంచాన్ని అల్లుకునే సంజ్ఞల వల్ల. ఒక్కొక్క మెట్టే దిగుతూ పోతారు. మొదట వినిపించిన విరహగీతమే ఆ విచారణకు ముడిసరుకు. ప్రియం గురించి పాట, ప్రియం గురించే ప్రశ్న.

మా బిలాస్‌పూర్‌కు ఇలాంటి పాఠం ఒకటి సొంతంగా ఉంది. రవీంద్రనాథ్ ఠాగూర్ 'పలాతక' సంపుటం 1918లో వచ్చింది. అందులో 'ఫాంకి' అనే కథాకవిత. జబ్బుపడ్డ ఇరవై మూడేళ్ల భార్య బినును గాలిమార్పు కోసం తీసుకెళుతూ భర్త బిలాస్‌పూర్ స్టేషనులో బండి మారాలి. ఆరు గంటలు ఆగాలి. అక్కడ రైల్వే కూలీ ఝమ్రు భార్య రుక్మిణి బినుకు తన గోడు చెప్పుకుంటుంది. కూతురి పెళ్లికి పాతిక రూపాయలు కావాలి. ఇమ్మని బిను భర్తకు చెబుతుంది. అతను సరేనని, చాటుకు తీసుకెళ్లి రుక్మిణిని బెదిరించి రెండు రూపాయలు చేతిలో పెట్టి పంపేస్తాడు. రెండు నెలలకు బిను చనిపోతుంది, భర్త మాట నిలబెట్టుకున్నాడన్న తృప్తితో. అతను తిరుగు ప్రయాణంలో మళ్లీ బిలాస్‌పూర్‌లో దిగి రుక్మిణి కోసం వెతుకుతాడు.

ఫాంకి అంటే మోసం. తెలుగులో మాయ అన్నా మోసమే. కానీ ఈ భర్త మాయ చేసింది జగం అనడు, నేను అంటాడు. భార్యను పోగొట్టుకున్న దుఃఖం ఒక కూలీ ఆడదానికి బాకీపడ్డ ఇరవై మూడు రూపాయల వైపు తిరిగింది. అది ఇప్పుడు తీర్చే దారి లేదు. ఝమ్రు కుటుంబం ఎటు పోయిందో స్టేషనులో ఎవరూ సరిగా చెప్పలేరు. డార్జిలింగ్ అంటారు, ఆరకాన్ అంటారు. పని ఎక్కడుంటే అక్కడికి పోయే కూలీలు వాళ్లు, మా తాతల్లాగే. రుక్మిణి కూతురి పెళ్లి ఏమైందో ఆ కవితలో లేదు.