ప్రేమభయము

ప్రేమించుటకు జంకువారిని మన కథకులు పిఱికివారని యాక్షేపింతురు. పెద్దలు బుద్ధిమంతులని మెచ్చుకొందురు. ఈ రెండు తీర్పులును తొందరపాటువే యని మా యభిప్రాయము. జంకువాడు దేనికి జంకుచున్నాడో విచారింపక యా భయమును నిందించుటయు, పొగడుటయు నుచితము గాదు.

విలియం డాల్రింపుల్ 2002లో ప్రకటించిన “వైట్ మొఘల్స్” అను చరిత్రగ్రంథ మీ విచారణకు మంచి యాధారము. 1798 మొదలు 1805 వఱకు హైదరాబాదున ఆంగ్లేయుల రెసిడెంటుగా నుండిన జేమ్స్ కర్క్‌పాట్రిక్కునకును, పాతనగరపు ప్రభుకుటుంబమున బుట్టిన ఖైరున్నీసా బేగమునకును గలిగిన ప్రేమయే యందలి కథ. పాఠకులు మతభేదమును, జాతిభేదమును దాటిన సాహసమును జూచి సంతసింతురు. మాకు మాత్ర మా సాహసమునకు ముందున్న సంకోచమే ముఖ్యముగా దోచినది.

ఆ కన్య కప్పటికే వేఱొకరితో వివాహము నిశ్చయమై యుండెను. ఆమె తన మనసు మఱలదని చెప్పగా, వారింప యత్నించితినని యతడు తన యన్నకు వ్రాసెను. ఆ రాత్రి సంభాషణ మతని కగ్నిపరీక్షవలె నుండెనట. తుదకు ముసల్మాను ధర్మానుసారముగా నామెను బెండ్లాడెను. అయినను భయము వీడలేదు. మొదట నిజమును దాచెను. 1801లో పై యధికారులు విచారణ జరిపించిరి. ఉద్యోగము పోవునంతటి యాపద వచ్చినను భార్యను విడువలేదు. మూసీ కావలియొడ్డున, నేడు మహిళా విశ్వవిద్యాలయమునకు నెలవైన రెసిడెన్సీ యావరణమున నామెకై రంగమహలు గట్టించెను.

1805లో నతడు కలకత్తాలో మరణించెను. అటుపిమ్మట నతని క్రింద బనిచేసిన హెన్రీ రస్సెలు ఆ వితంతువునకు జేరువయ్యెను. ఇతనియం దట్టి సంకోచ మంతగా గానరాదు. మీర్ ఆలం ఆమెను హైదరాబాదునకు రానీయకపోగా నామె మచిలీపట్టణమున నిలిచిపోయెను. రస్సెలు 1808లో మదరాసున వేఱొక యువతిని బెండ్లాడెను. మీర్ ఆలం మరణానంతరము స్వస్థలము చేరిన ఖైరున్నీసా 1813లో గతించెను. ఆమె మాట చాలవఱకు పురుషుల లేఖలనుండియే మనకు వినవచ్చుచుండుట యీ చరిత్రలోని పెద్ద కొఱత.

జంకినవాడు నిలిచెను; జంకనివాడు తొలగెను. కావున భయము లేకుండుటయే ప్రేమకు గుఱుతు గాదు. “నా కేమగునో” యనునది యొక భయము. “నావలన నీమె కేమగునో” యనునది వేఱొకటి. మొదటిది మనసున దాచినకొలది పెరుగును. దానిని నమ్మదగిన మిత్రునితో జెప్పుకొనుట మేలు. రెండవదానిని జంపుకొనరాదు, దానిని బాధ్యతగా మార్చుకొనవలెను. కర్క్‌పాట్రిక్కు నిజమును దాచుట మొదటి భయముయొక్క ఫలము. భార్యను విడువకుండుట రెండవదాని ఫలము.

ఇక పెద్దలతో నొకమాట. 1954 నాటి ప్రత్యేక వివాహచట్టము మతము మార్చుకొనకయే పెండ్లాడుటకు వీలు గల్పించినది. కాని ముప్పది దినముల ప్రకటన గోడపై నుండగా వధూవరులు తమ యింటివారికే వెఱచి తలదాచుకొనుట నేటికిని గలదు. ఈ భయము ప్రేమవలన బుట్టినది గాదు. మన గృహములలో బుట్టినది. యువజనులను ధైర్యము దెచ్చుకొనుడని బోధించుటకు ముందు, బిడ్డ నిర్భయముగా వచ్చి తన మనసు జెప్పుకొనగల తావుగా నింటిని దిద్దుకొనుట మన విధి.