తెరకై వ్రాయు నవల

ఆంధ్రదేశమున నేడు నవల వ్రాయబూను యువకులలో పెక్కండ్రకు పుస్తకము గమ్యము కాదు. పుస్తకమొక మజిలీ, గమ్యము వెండితెర. వ్రాతప్రతి ముగియకమునుపే ఏ నటుడు కథానాయకుడుగా తగునో, ఏ దర్శకునకు కథ వినిపింపవలెనో వారు నిశ్చయించుకొనియుందురు. ఈ కోరిక తప్పని మేమనము. నవలను చదువువారు వేలలో నున్నచో, చలనచిత్రమును చూచువారు లక్షలలోను కోట్లలోను గలరు. తన మాట పదిమందికి చేరవలెనని కోరని రచయిత లేడు. చదువురాని వానికి గూడ చేరవలెనని కోరుట మఱింత మంచిది. అయినను ఆ కోరిక నవల వ్రాయుచున్నప్పుడే రచయిత చేతిని పట్టుకొని నడపసాగినచో ఏమగునో విచారింపవలసియున్నది. మా యభిప్రాయమును ముందే చెప్పెదము. తెరకై వ్రాయబడిన నవల నవలయు గాదు, చిత్రకథయు గాదు. నవలగా సంపూర్ణమైన రచనయే తెరకును తగినదగును.

కథను ఒక ప్రక్రియనుండి మఱియొక ప్రక్రియకు మార్చుట మనవారికి క్రొత్త కాదు. మహాభారతమునందలి శకుంతలోపాఖ్యానములో దుర్వాసుని శాపము లేదు, ఉంగరము లేదు. అందు దుష్యంతుడు శకుంతలను ఎఱిగియుండియే ఎఱుగనట్లు పలుకును; ఆమె నిండుసభలో అతనిని ధర్మవాక్యములతో నిలదీయును; తుదకు ఆకాశవాణి సాక్ష్యము చెప్పును. కాళిదాసు ఈ కథను రంగమునకు తెచ్చునపుడు శాపమును, ఉంగరమును కల్పించి, మఱపును రాజు దోషము కాకుండ చేసెను. భవభూతి రామాయణము తుదినున్న వియోగమును ఉత్తరరామచరితమున సమాగమముగా మార్చెను. నాయకునకు గాని రసమునకు గాని విరుద్ధమైనదానిని కవి విడువవచ్చును, వేఱువిధముగా కల్పింపవచ్చును అని ధనంజయుడు దశరూపకమున చెప్పియున్నాడు. ఇతివృత్తమును దృశ్యమనియు, సూచ్యమనియు విభజించి, చూపదగినదానిని చూపి, తక్కినదానిని సూచించి విడువుమని గూడ అతడు నేర్పెను. కనుక మూలమును మార్చినారని చిత్రనిర్మాతలపై ఊరక కోపించుట మాకు సమ్మతము కాదు. కాని యిందొక సంగతి గమనింపదగినది. వ్యాసుడు కాళిదాసు కొఱకు ఆ యుపాఖ్యానమును వ్రాయలేదు. తాను చెప్పవలసినదానిని తన ప్రక్రియలో నిండుగా చెప్పెను. అట్లు చెప్పెను గనుకనే పిదప వచ్చిన మహాకవికి మార్చుటకు తగిన పదార్థము దొరకినది.

నవలకును చలనచిత్రమునకును గల భేదము పరిమాణమున మాత్రమే కలదని పలువురు తలంతురు. మూడువందల పుటలను రెండున్నర గంటలలో ఇముడ్చుట కష్టమే. కాని అసలు భేదము క్రియాపదములో నున్నది. “ఆమె ప్రతి సాయంకాలము అరుగుపై కూర్చుండి దారి చూచుచుండెడిది” అని నవలాకారుడు వ్రాసినచో, ఒక్క వాక్యమున పదియేండ్ల నిరీక్షణ పాఠకుని మనస్సునకు వచ్చును. కెమెరాకు ఈ “చుండెడిది” తెలియదు. అది ఒక సాయంకాలమును మాత్రమే చూపగలదు. పదియేండ్లు గడచెనని తెలుపుటకు దర్శకుడు ఆమె తల నెరసినట్లు చూపవలెను. లేదా ఎదురింటి వేపమొక్క మ్రానైనట్లు చూపవలెను. అట్లే “అతడు తన పిరికితనమునకు వినయమని పేరు పెట్టుకొనెను” అను వాక్యమును ఏ కెమెరా పట్టుకొనగలదు? దానికి వేఱొక సన్నివేశమును కల్పింపవలసినదే. మఱి చిత్రమునకు గల బలము నవలకు లేదు. మాటాడబోయి మానుకొన్న ముఖముపై క్షణకాలము మెదలిన సంశయమును, పెంకుటింటిపై వానచప్పుడును నవలాకారుడు ఎన్ని పుటలు వ్రాసినను అంత సూటిగా అందింపలేడు. రెండును గొప్ప కళలే. ఒకదాని పనిముట్టుతో రెండవదానిని చెక్కబూనుటయే దోషము.

మేము బడిలో పాఠములు చెప్పుకొని బ్రతుకువారము గనుక, పూర్వశిష్యులును వారి స్నేహితులును తమ వ్రాతప్రతులను చదువుటకిచ్చుచుందురు. అట్లు మా చేతికి వచ్చిన యొకదానిని, రచయిత పేరు చెప్పక, ఇచట కొంత విమర్శింతుము. అందలి కథ యొక చేనేత కుటుంబమునకు సంబంధించినది. రచయిత ఆ బ్రతుకును దగ్గఱనుండి చూచినవాడు. మొదటి ఇరువది పుటలలో వీధిపొడవున పడుగును సాచి గంజి పెట్టుటయు, వానపట్టిన దినములలో ఆ గంజి ఆరక మగ్గము నిలిచిపోవుటయు, గుంటమగ్గములో నీరూరగా తండ్రి తడికాళ్లతో ఊరక కూర్చుండుటయు, కండెలు చుట్టుచున్న కుమార్తె అతని ముఖము చూచి బడి మానెదనని తానే ముందుగా చెప్పుటయు వర్ణింపబడినవి. అప్పిచ్చు షావుకారు గూడ పైవాని యొద్ద అప్పుపడి, తాను నలుగుచు వీరిని నలుపువాడు. ఇట్టి పుటలను ఇటీవల మేము తఱచుగా చదువలేదు.

ఇరువదియొకటవ పుటనుండి నవల మాయమైనది. షావుకారు కొడుకు పట్టణమునుండి మోటారుసైకిలుపై దిగును. అతడు దిగుటకే నాలుగు పుటలు పట్టినవి. తండ్రియైన షావుకారు హఠాత్తుగా మీసము మెలివేసి నవ్వు దుర్మార్గుడయ్యెను. సరిగా నడిమి పుటలో ఇల్లు తగులబడినది. అది విశ్రాంతి కొఱకు. ఏ తావున పాట రావలెనో అచట ఒక జాతరయో, ఒక కలయో చొప్పింపబడినది. బడి మానిన బాలిక ఏమనుకొనెనో తెలుపు వాక్యము మఱి యొక్కటియు లేదు. ఆమె కన్నీరు కార్చినదని మాత్రము పదునొకండు చోట్ల గలదు. ఏల యిట్లు వ్రాసితివని యడుగగా, “అది దర్శకుడు చూచుకొనునండీ మాస్టారూ” యని సమాధానము వచ్చెను. అనగా నవలలో చేయవలసిన పనిని చిత్రమునకు వాయిదా వేసినాడు. ఆ చిత్రము రాకపోయినచో ఆ పని ఎన్నటికిని జరుగదు. గంజి ఆరని దినములను గూర్చి వ్రాయగలవాడు వేయిమందిలో నొక్కడు. మోటారుసైకిలుపై వచ్చు నాయకుని గూర్చి వ్రాయగలవారు వేయిమంది గలరు. ఆ యొక్కడు ఈ వేయిమందిలో కలిసిపోవుట వాని సొంతనష్టము మాత్రము కాదు. ఆ నేతగాండ్ర బ్రతుకునకు దొరకిన సాక్షి నోరు మూసికొన్నట్లయ్యెను.

దీనికి భిన్నమైన యుదాహరణమును వంగదేశమున చూడవచ్చును. విభూతిభూషణ బందోపాధ్యాయుని పథేర్ పాంచాలి 1929లో పుస్తకముగా వెలువడెను. తీరిక గల నడకతో, చెట్టును పుట్టను విడువక సాగు నవల యది. చిత్రమునకు అనువైన బిగువు దానిలో లేదు. ఆ రచయిత 1950లో మరణించెను; 1955లో వచ్చిన చిత్రమును ఆయన చూడనేలేదు. కాని ఆ నవలకు బాలుర కొఱకు వచ్చిన సంగ్రహమునకు బొమ్మలు వేసిన సత్యజిత్ రాయ్ మనస్సులో అది నాటుకొని, చిత్రమై మొలచినది. రాయ్ మూలమును మక్కికి మక్కిగా తీయలేదు. నవలలో ముసలి ఇందిర్ ఠాకురాణి మొదటి భాగముననే కన్నుమూయును. చిత్రమున ఆమె చాల దూరము బ్రతికియుండును. వెదురుపొదలలో ఆమె నిర్జీవయై యుండుటను పసిపిల్లలిద్దఱు కనుగొందురు. వాక్యములలో పఱచుకొన్న విషాదమును రాయ్ ఒక్క చూపులోనికి కుదించెను. మార్చినవాడు దర్శకుడు, మార్చుటకు తగినంత సత్యము నిచ్చినవాడు నవలాకారుడు. ఎవరి పని వారు చేసిరి.

మన తెలుగున గూడ నవలలు చిత్రములైన కాలమొకటి గడచినది. మొక్కపాటివారి బారిష్టరు పార్వతీశము 1940లోనే తెరకెక్కెను. శరత్తు నవల 1953లో దేవదాసుగా మన యింటికథయైనది. కోడూరి కౌసల్యాదేవి చక్రభ్రమణము 1964లో డాక్టర్ చక్రవర్తిగాను, రంగనాయకమ్మ బలిపీఠము 1975లో అదే పేరుతోను, యద్దనపూడి సులోచనారాణి సెక్రటరీ 1976లోను, యండమూరి అభిలాష 1983లోను చిత్రములైనవి. వీని గుణదోషములు వేఱు విషయము. ఇవన్నియు మొదట పాఠకులను గెలుచుకొన్నవని మాత్రము మఱువరాదు. నిర్మాతలు వెదకికొని వచ్చినది పాఠకులచే పరీక్షింపబడిన కథలకొఱకు. ఇక బుచ్చిబాబు చివరకు మిగిలేది సంగతి చూడుడు. 1960లో ఆ పేరుతో చిత్రము వచ్చినది గాని, దాని కథ వంగచిత్రమునుండి తెచ్చినది. నవలకును దానికిని పేరు దక్క సంబంధము లేదు. దయానిధి అంతరంగము తెరకెక్కలేదు. దానివలన ఆ నవల చిన్నదైనదా? నేటికిని చదువుచున్నాము.

ఇచట యువకులు మమ్మొక మాట అడుగుదురు. నవల కూడు పెట్టదు, సినిమా పెట్టును; కాదనుటకు మీరెవరు? న్యాయమైన ప్రశ్న. ప్రేమచందు అంతవాడు అప్పులబాధతో 1934లో బొంబాయికి పోయి, అజంతా సినీటోను వారికి కథలు వ్రాసెను. ఆయన వ్రాసిన మజ్దూర్ మిల్లు కార్మికుల కథ. అది ప్రభుత్వనిషేధమునకు గురియయ్యెను. ఆయన 1935లో కాశికి మరలివచ్చెను. 1936లో గోదానము వెలువడెను. మన గూడవల్లి రామబ్రహ్మము 1938లో చలము కథతో, తాపీ ధర్మారావు సంభాషణలతో మాలపిల్లను తీసి, అస్పృశ్యతను తెరమీదనే నిలదీసెను. మఱుసటి యేటి రైతుబిడ్డ జమీందారీ దౌష్ట్యమును చూపినందున పలుచోట్ల నిషేధింపబడెను. కాబట్టి తెర సత్యమును మోయజాలదని మేమనము. అది మోయునపుడు పెట్టుబడి పెట్టినవానికిని, ప్రదర్శించువానికిని, ప్రభుత్వమునకును గూడ ఆ సత్యము ఒప్పుదలగా నుండవలెను. పుస్తకములకు నిషేధము లేదా యందురేమో. ఉన్నవవారి మాలపల్లిని మద్రాసు ప్రభుత్వము నిషేధింపలేదా? నిషేధించినది. అయినను పుస్తకమును చాటున దాచి చదువుకొనవచ్చును. నాడు చిత్రమును దాచి చూచుటకు వీలులేదు. కాగితము, కలము గల యొక్క మనుష్యుడు ఎవరి యనుమతియు లేక నిజము చెప్పగల తావు నవల. ఆ తావును రచయిత తానై ముందుగానే నిర్మాత భయములకు అప్పగించినచో, ఇక నిజము చెప్పుటకు చోటెక్కడ?

తెరకు వ్రాయవలెనను నిశ్చయము దృఢముగా నున్నవారు చిత్రకథారచనను వేఱొక విద్యగా నేర్వవలెను. పాలగుమ్మి పద్మరాజు గాలివాన వంటి కథను కథగా వ్రాసెను. ఆ కథకు 1952 అంతర్జాతీయ కథల పోటీలో బహుమతి వచ్చినది. ఆయనయే బి. ఎన్. రెడ్డితో గూడి, జార్జి ఎలియట్ సైలస్ మార్నర్ ఆధారముగా 1955 నాటి బంగారుపాపకు చిత్రానువాదము కూర్చెను. ఎలియట్ నవల 1861 నాటిది. ఇంగ్లండు పల్లె నేతగాని కథ. మనసు రాయియైన మనుష్యుని ఒక పసిపాప మరల మనుష్యుని చేయుట అను ప్రాణమును మాత్రము నిలిపి, తక్కినదానిని మన నేలకు తగినట్లు నాటిరి. ఒకే మనుష్యునిలో రెండు విద్యలు నిలుచుటకు ఇది నిదర్శనము. కథలో కథకుడు, చిత్రములో చిత్రకథకుడు. ఒకదానికి రెండవదానిని దాసిగా చేయలేదు.

చట్టమును గూర్చి గూడ రెండు మాటలు చెప్పవలెను; ఏలయన ఆశపడినవాడు సులభముగా మోసపోవును. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము హక్కుల బదిలీ లిఖితముగా, సంతకముతో నుండవలెను. కాలపరిమితి వ్రాయనిచో అయిదేండ్లనియే భావింపబడును; ఒప్పందమున వేఱు మాట లేనిచో, ఒక యేడులోపల వినియోగింపని హక్కు రచయితకు మరలివచ్చును. కేవలము ఊహకు కాపీరైటు లేదని 1978లో ఆర్. జి. ఆనంద్ వ్యాజ్యమున సుప్రీము కోర్టు తీర్పు చెప్పినది. కావున నోటిమాటగా కథ వినిపించి వచ్చినవానికి రక్షణ స్వల్పము; అచ్చైన నవలకు రక్షణ మెండు. మన్నూ భండారి తన ఆప్ కా బంటీ నవలను చిత్రమున వికృతపఱచిరని న్యాయస్థానమున కెక్కగా, హక్కునమ్మిన రచయితకు గూడ తన రచన వికృతిని ప్రశ్నించు నధికారము గలదని 1986లో ఢిల్లీ హైకోర్టు స్పష్టపఱచినది. చూడుడు, చట్టము సైతము ముందు ఒక సంపూర్ణ రచన యున్నదని యెంచియే రక్షించుచున్నది. రచనయే లేనివానికి అది యేమి కాపాడును?

ఇప్పుడు థియేటరుతో పాటు ఇంటింటికి వచ్చు వెబ్ సిరీసులు గూడ నవలలను వెదకుచున్నవి. ఎనిమిది, పది భాగములుగా సాగు ఆ ప్రక్రియకు నవల నడక మఱింత దగ్గఱ. అందువలన అవకాశములు పెరుగునే గాని తరుగవు. తెర యందలి తొందర మఱింత పెరుగుట గూడ నిశ్చయమే. నవల వ్రాయు యువకులకు మేము చెప్పునది యింతే. మీ కథలో ఏ వాక్యమును తీసివేసినచో కెమెరాకు నష్టము లేక, మీ పాత్రకు మాత్రము ప్రాణము పోవునో, ఆ వాక్యమును మొదట వ్రాయుడు. బడి మానిన ఆ బాలిక ఆ రాత్రి ఏమనుకొనెనో వ్రాయుడు. అది వ్రాసినపిదప దర్శకుడు వచ్చినచో సంతోషమే. అతడు రాకున్నను ఆమె మాట మాకు వినబడియుండును.