ప్రభుత్వం కూడా ‘వ్యక్తి’యేనా?

విశాఖ మన్యంలో బొర్రా చుట్టుపక్కల కొండల భవితవ్యం 1997 జులైలో ఒక్క మాట దగ్గర తేలింది. మన్యంలో అందరూ 1/70 చట్టం అని పిలిచే భూబదలాయింపు నిబంధన ప్రకారం, ఏజెన్సీలో భూమిని ఏ వ్యక్తీ గిరిజనేతరులకు బదలాయించకూడదు. ఇచ్చేవాడు గిరిజనుడైనా, కాకపోయినా ఆ లావాదేవీ చెల్లదు. మరి ప్రభుత్వం ‘వ్యక్తి’ కిందికి వస్తుందా? రాదంటే సర్కారు తన భూముల్ని గనుల కంపెనీలకు నిక్షేపంగా లీజుకివ్వవచ్చు. వస్తుందంటే అలా ఇచ్చిన లీజులు చెల్లవు. సమత అనే స్వచ్ఛంద సంస్థ హైకోర్టులో ఓడిపోయి, ఈ పేచీతోనే సుప్రీంకోర్టు మెట్లెక్కింది.

నిఘంటువు తెరిస్తే ప్రభుత్వమే గెలుస్తుంది. మామూలు మాటల్లో సర్కారును వ్యక్తి అని ఎవరంటారు? మాటకున్న సహజమైన అర్థమే తీసుకోవాలన్నది వ్యాఖ్యానంలో మొదటి సూత్రం కూడాను. అయితే ఆ సూత్రం దగ్గరే ఆగనక్కర్లేదు. చట్టం ఏ జబ్బుకు మందుగా వచ్చిందో చూసి, ఆ మందు పనిచేసేలా మాటను చదవాలన్న పద్ధతి ఇంగ్లండులో పదహారో శతాబ్దం నుంచీ ఉంది. జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ సగీర్ అహ్మద్ ఆ దారిలో నడిచారు. మన్యం భూములు వడ్డీవ్యాపారుల పాలు కాకుండా మద్రాసు ప్రభుత్వం 1917లోనే చట్టం చేసింది. 1959లో ఆంధ్రప్రదేశ్ దాన్ని కొత్తగా రాసుకుంది. 1970లో ఇంకా బిగించింది: ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది గిరిజనుడి నుంచి వచ్చిందేనని ముందుగా భావించాలి, కాదని రుజువు చేసుకునే భారం అతనిదే. ఇంత కట్టుదిట్టం చేసిన చట్టం సర్కారును మాత్రం వదిలేసిందనుకుంటే, వీధి తలుపుకు తాళం వేసి దొడ్డి గుమ్మం తెరిచి పెట్టినట్టే. కాబట్టి ‘వ్యక్తి’లో ప్రభుత్వమూ ఉందన్నారు. గనుల లీజు కూడా బదలాయింపేనన్నారు.

ఈ చదువుకు నేల అంతకు ముప్పై ఏళ్ల ముందే చదునైందని నా అభిప్రాయం. పేరు పెట్టి చెబితే తప్ప చట్టం రాజుగారికి వర్తించదన్నది ఇంగ్లిషువాళ్ల పాత నియమం. కలకత్తాలో ప్రభుత్వం నడిపే ఒక బజారుకు కార్పొరేషన్ లైసెన్సు కావాలా అన్న తగాదాలో, కోకా సుబ్బారావు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న తొమ్మిదిమంది ధర్మాసనం ఆ నియమం గణతంత్ర దేశానికి పొసగదంది. మెజారిటీ తీర్పు రాసింది ఆయనే. ప్రాథమిక హక్కుల సవరణపై ఆయనే ఇచ్చిన గోలక్‌నాథ్ తీర్పుతో వచ్చిన పేరు దీనికి రాలేదు గానీ, సామాన్యుడికి ఇదేమీ తక్కువ మేలు కాదు.

సమత తీర్పు 1/70ని ఒంటరిగా చదవలేదు. గిరిజన ప్రాంతాల పాలన గురించి చెప్పే రాజ్యాంగం ఐదో షెడ్యూలునూ, జీవించే హక్కునిచ్చే 21వ అధికరణాన్నీ పక్కన పెట్టుకుని చదివింది. ఇలా కలిపి చదవడం కోర్టుకు మొదటి నుంచీ ఉన్న అలవాటు కాదు. 1950లో ఎ.కె. గోపాలన్ కేసులో ఏ అధికరణం గది దానిదేనంది. చట్టం ఒకటి చేసి ఆ ప్రకారం నిర్బంధిస్తే 21కి అదే చాలంది. 1978లో మేనకా గాంధీ పాస్‌పోర్టు కేసులో ఆ గదుల మధ్య గోడలు కూలాయి: 14, 19, 21 ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి, నిర్బంధించే పద్ధతి న్యాయంగానూ ఉండాలి. ఆ తర్వాత 21వ అధికరణంలోంచి పుట్టుకొచ్చిన హక్కులు చాలా ఉన్నాయి. అన్నీ ఒకే బలంతో నిలిచాయని చెప్పలేను.

1993 నాటి ఉన్నికృష్ణన్ కేసునే చూడండి. ప్రైవేటు వైద్య, ఇంజినీరింగ్ కాలేజీల ఫీజుల గొడవ అది, ప్రతివాదుల్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒకటి. అందులో జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి పద్నాలుగేళ్ల లోపు పిల్లల చదువును 21లోకి తెచ్చారు. ఆదేశిక సూత్రాల్లో ఊరికే పడి ఉన్న 45వ అధికరణమే ఆయనకు కొలబద్ద. కాలేజీల సీట్లకూ ఫీజులకూ ఒక పథకం కూడా గీశారు. 2002లో పార్లమెంటు మొదటిదాన్ని 21ఎ పేరుతో రాజ్యాంగంలోకి ఎక్కించింది. అదే ఏడాది పదకొండుమంది న్యాయమూర్తులు రెండోదాన్ని తీసేశారు. హక్కు ఏమిటో చెప్పడం కోర్టు పని, ఫీజుల పట్టిక వేయడం కాదు. ఈ తేడా చెరిగినప్పుడే వ్యాఖ్యానం బలహీనపడుతుంది.

సమత తీర్పూ ఏకగ్రీవం కాదు. ప్రభుత్వం ‘వ్యక్తి’ కాదంటూ జస్టిస్ జి.బి. పట్నాయక్ విడిగా రాశారు. ఆ వాదన తీసిపారేయదగింది కాదు. మాటను లక్ష్యం వైపు ఎంతదాకా సాగదీయవచ్చు, ఎక్కడ శాసనసభ పనిని జడ్జీలు చేసినట్టవుతుందన్నది ఎప్పటికీ తెగని తగవు. 2001లో కోర్బాలోని బాల్కో కంపెనీ వాటాల అమ్మకం మీద వచ్చిన కేసులో మరో ముగ్గురు న్యాయమూర్తులు సమత మెజారిటీ తీర్పు సరైనదేనా అని గట్టిగానే సందేహించారు. సమానబలం గల ధర్మాసనం కాబట్టి కొట్టేయలేదు. కోర్బాకు వర్తించే మధ్యప్రదేశ్ భూచట్టం మాటలు 1/70 మాటల్లా లేవని పక్కకు తప్పుకున్నారు. రెండుచోట్లా ఉన్నది అదే ఐదో షెడ్యూలు. బొర్రా చుట్టుపక్కల కొండల్లో ప్రైవేటు గనుల్ని ఆపిన తీర్పు కోర్బా దాకా వెళ్లలేదు.