సంఘమంటే ఏ సంఘం?

హైదరాబాదు నుంచి విజయవాడ పోయే రహదారి మీద నకిరేకల్ దాటి సూర్యాపేట చేరకముందే కేతేపల్లి వస్తుంది. మూసీ నీళ్లతో వరి పండే నేల. యాసంగి కోతల కాలంలో ఒక ధాన్యం కొనుగోలు కేంద్రం దగ్గర వడ్లు తూర్పార పట్టి, ఎండకు ఆగలేక కాసేపు నీడకు చేరిన ఆడవాళ్లతో మాట్లాడుతున్నాను. "మీకు సంఘముందా అక్కా?" అని అడిగితే వారిలో పెద్దామె నవ్వింది. "ఒక్కటేంది బిడ్డా, పొదుపు సంఘంల ఉన్న. ఉపాధి పనికి పోతే శ్రమశక్తి సంఘమని రాసుకున్నరు. ఇంకేం సంఘం గావాలె?" కూలి పెంచమని అడిగే సంఘం అన్నాను. ఆమె నవ్వు ఆగిపోయింది. "అసుంటిది పెట్టుకోనిస్తరా?"

ఉందా, లేదా అని కాదు, పెట్టుకోనిస్తారా అని అడిగింది. అంటే ఇవ్వడానికో ఆపడానికో ఎవరో ఒకరున్నారని ఆమె లెక్క. ఆ ప్రశ్న దగ్గర నిలబడి మన సాహిత్యాన్నీ, ప్రభుత్వం రాసే 'అవగాహన' సాహిత్యాన్నీ ఒకసారి చదవాలనిపించింది.

నల్లగొండ జిల్లాలో సంఘం అనేది మామూలు మాట కాదు. ఆంధ్ర మహాసభను ఇక్కడి పల్లెలు సంఘమనే పిలిచాయి. అందులో పనిచేసిన వాళ్లు 'సంగపోళ్లు'. గస్తీ నిషాన్ తిర్పన్ పేరుతో సభ పెట్టాలంటే అనుమతి తప్పనిసరి చేసిన నిజాం రాజ్యంలో, 1944 భువనగిరి సభ తర్వాత వెట్టి చేయం, పొలం వదలం అని చెప్పడానికి జనానికి దొరికిన మాట అది. నకిరేకల్ ప్రాంతం నుంచే వచ్చిన వట్టికోట ఆళ్వారుస్వామి హోటల్లో పనిచేశాడు, కార్మిక సంఘాలలో తిరిగాడు, జైలుకు పోయాడు, నవలలు రాశాడు. 'ప్రజల మనిషి' 1955లో వచ్చింది. స్త్రీ పేరు పెట్టి రాసిన 'గంగు'ను మాత్రం పూర్తి చేయకుండానే 1961లో చనిపోయాడు. అది 1965లో అచ్చయింది. స్త్రీ పేరున్న నవలే అసంపూర్ణంగా మిగలడం కాకతాళీయమే కావచ్చు. కానీ సంఘం కథలో ఆడవాళ్ల భాగం తర్వాత కూడా చాలాకాలం అసంపూర్ణంగానే ఉండిపోయింది.

ఆ భాగాన్ని అడిగి రాయించింది 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీలు తమ మాటల్లో తమ కథ చెప్పుకున్న పుస్తకం. దాన్ని మనం ఎక్కువగా పోరాట చరిత్రగా, మౌఖిక చరిత్రగా చదివాం. ఇంకోరకంగా కూడా చదవొచ్చు. సంఘంలో చేరడమంటే ఒక స్త్రీకి ఏమవుతుందో చెప్పే పుస్తకం అది. ఇంట్లో ఎవరినీ అడగకుండా బయటికి నడవడం, కొత్త పేరు పెట్టుకోవడం, పదిమందిలో నోరు విప్పడం, 1951 తర్వాత మళ్లీ ఇంట్లోకి పొమ్మనిపించుకోవడం. సంఘం స్త్రీలను పిలిచింది, కానీ సంఘాన్ని నడిపే హక్కు వాళ్ల చేతికి ఎంత వచ్చిందన్నది ఆ పుస్తకం మిగిల్చిన ప్రశ్న.

తర్వాత అదే మాట ఇంకో జన్మ ఎత్తింది. 1992లో దూబగుంటలో మొదలై రాష్ట్రమంతా పాకిన సారా వ్యతిరేక ఉద్యమం ముగిశాక, ఆ ఆడవాళ్ల కలయికను ప్రభుత్వం పొదుపు వైపు మళ్లించింది. డ్వాక్రా, వెలుగు, ఇందిర క్రాంతి పథం. ఈ సంఘాలను తీసిపారేయడం నాకిష్టం లేదు. వాటివల్లే ఎంతోమంది మొదటిసారి బ్యాంకు గడప తొక్కారు, మండలాఫీసులో కుర్చీ లాక్కుని కూర్చున్నారు. అయితే ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. పొదుపు సంఘం అవతల ఉండేది అప్పిచ్చే బ్యాంకు. కార్మిక సంఘం అవతల ఉండేది పని చేయించుకునే యజమాని. మొదటి సంఘం వాయిదా ఎప్పుడు కడతావని ఆమెనే అడుగుతుంది. రెండో సంఘంలో కూలి ఎంత ఇస్తావని ఆమె అడుగుతుంది. ఒకే మాట రెండింటికీ సరిపోయేసరికి, మొదటిది ఉన్నవాళ్లకు రెండోది లేదన్న సంగతే కనపడకుండా పోయింది.

ఇక ఆమె ప్రశ్నకు చట్టం ఏం జవాబు చెబుతుంది? రాజ్యాంగం 19(1)(సి) అధికరణం సంఘాలు, యూనియన్లు పెట్టుకునే స్వేచ్ఛను ప్రాథమిక హక్కు అంది. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం ప్రకారం ఏడుగురు కలిసి రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. కూలి కోసం కలిసికట్టుగా నిర్ణయం తీసుకున్నందుకు వాళ్ల మీద కుట్ర కేసు పెట్టకుండా ఆ చట్టమే అడ్డు నిలిచింది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా ఈ రెండింటినీ ఉంచింది. యూనియన్లకు సంబంధించిన అధ్యాయం వరకు అసంఘటిత కార్మికులను సైతం కార్మికులుగానే లెక్కించింది. సంఘంలో చేరితే పనిలోంచి తీసేస్తామని బెదిరించడం, యజమానే తనకు అనుకూలంగా సంఘం పెట్టించడం అన్యాయమైన పద్ధతులని చట్టం పేరుపెట్టి చెప్పింది.

అంతకంటే ముఖ్యమైనది మరొకటుంది. గ్రామీణ శ్రామికుల సంఘాల గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ 1975లో 141వ ఒప్పందం చేసింది. కూలికి పోయేవాళ్లకైనా, సొంత చెక్క దున్నుకునేవాళ్లకైనా ముందస్తు అనుమతి లేకుండానే తమకు నచ్చిన సంఘం పెట్టుకునే హక్కు ఉందని అది చెబుతుంది. భారతదేశం దాన్ని 1977లో ఆమోదించింది. అంటే "పెట్టుకోనిస్తరా?" అన్న ప్రశ్నకు జవాబు రాసి అర్ధశతాబ్దమైంది. అదే ఒప్పందంలోని ఆరో అధికరణం ఇటువంటి సంఘాలు ఎందుకు అవసరమో జనంలో వీలైనంత విస్తృతంగా అర్థమయ్యేలా చర్యలు తీసుకోవాలంటుంది. తెలియజేయడం సర్కారు దయ కాదు, ఒప్పుకున్న బాధ్యత.

ఆ బాధ్యత ఏ భాషలో నెరవేరుతున్నదో చూద్దాం. పంచాయతీ గోడల మీద, కరపత్రాల్లో ప్రభుత్వం ఆడవాళ్లతో మాట్లాడే వాక్యాలను వ్యాకరణం పట్టి చదవండి. ప్రభుత్వం ఇస్తుంది, అందజేస్తుంది, మంజూరు చేస్తుంది. స్త్రీ పొందుతుంది, దరఖాస్తు చేసుకుంటుంది, సద్వినియోగం చేసుకుంటుంది. ఆమె పేరు లబ్ధిదారు. పింఛన్లకూ బియ్యానికీ ఈ వాక్యం సరిపోతుందేమో గానీ, సంఘం పెట్టుకునే హక్కు ఇందులో ఇమడదు. అక్కడ చేసే మనిషి ఆమె. సర్కారు పని అడ్డు రాకపోవడం, అడ్డొచ్చినవాణ్ని ఆపడం.

పేరు పెట్టడంలోనే పని మాయం చేసే విద్యకు అంగన్‌వాడీ ఉదాహరణ. ఆమె 'కార్యకర్త', ఆమెకు వచ్చేది 'గౌరవ వేతనం'. పిల్లల కడుపు నింపడం, గర్భిణుల బరువు చూడడం, రికార్డులు రాయడం పని కాదు, సేవ. ఇంట్లో తల్లి చేసే చాకిరీకి మనం పెట్టిన పేర్లే ఇక్కడ జీవోలలోకి ఎక్కాయి. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గుజరాత్ అంగన్‌వాడీల కేసులో వాళ్లకు గ్రాట్యుటీ వర్తిస్తుందనీ, గౌరవ వేతనం కూడా వేతనమేననీ చెప్పాల్సి వచ్చింది. 2023 సెప్టెంబరులో తెలంగాణలో అంగన్‌వాడీలు సమ్మె చేశారు. అదే డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన సమ్మె 42 రోజులు నడిచింది. 2024 జనవరిలో అక్కడి ప్రభుత్వం ఆ సమ్మె మీద ఎస్మా ప్రయోగించింది. జీతం అడిగినప్పుడు సేవకురాలు, పని ఆపినప్పుడు మాత్రం అత్యవసర సర్వీసు. ఈ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చదవడం సాహిత్య విమర్శ పనే.

చట్టం తెలిస్తే చాలు అనే అమాయకత్వం నాకు లేదు. సంఘ స్వేచ్ఛకు మూలమైన 87, 98 ఒప్పందాలను భారతదేశం ఇప్పటికీ ఆమోదించలేదు. కొత్త కోడ్ ప్రతి పరిశ్రమలోనూ సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు తప్పనిసరి చేసింది. పరిశ్రమ అనే నిర్వచనం నుంచి ఇంటిపనిని బయట పెట్టింది. అంటే మన ఇళ్లలో అంట్లు తోమే మనిషికి మనమే యజమానులమైన చోట చట్టం చూపు తిప్పుకున్నది. ఇక పొలం పనిలో తొలగింపు ఉత్తర్వు ఉండదు. రేపటినుంచి కూలికి పిలవరు, అంతే. ఆ పిలవకపోవడాన్ని ఏ అధికారి ముందు రుజువు చేయాలి? కేతేపల్లిలో ఆమె నవ్వు ఆగిపోయింది తెలియక కాదు. పని ఇచ్చేదెవరో, చేబదులు ఇచ్చేదెవరో, వాళ్లది ఏ కులమో, తనది ఏ వాడో ఆమెకు బాగా తెలుసు. భయానికి కారణాలున్నవాళ్లను అజ్ఞానులుగా చూసే అవగాహన సదస్సులు అందుకే నిష్ఫలమవుతాయి. అయినా ఆ భయం పక్కన తన వైపు ఏముందో కూడా ఆమెకు తెలియాలి కదా.

ఇక మన సంగతి. 'నీలిమేఘాలు' (1993) శరీరం, సంసారం గురించి మాట్లాడే భాష ఇచ్చింది. 'నల్లపొద్దు' (2003) ఆ భాషలో కూలితల్లి లేని లోటును నిలదీసింది. కానీ నేను చదివినంతలో, ఆడవాళ్లు కూర్చుని ఒక సంఘానికి పేరు పెట్టుకుని, అధ్యక్షురాలు ఎవరని వాదించుకుని, చందా ఎంతో తేల్చుకున్న కథలు అరుదు. సమ్మె రోజు ఇంట్లో వంట ఎవరు చేశారు, సభకు పోయిన రాత్రి మొగుడు ఏమన్నాడు, వంటివి రాయాల్సింది మనమే. నేనూ రాయలేదు. పొదుపు సంఘం అప్పుల మీద కథ రాశాను గానీ కూలి సంఘం మీద ఒక్క పేజీ రాయలేదు.

ఆ రోజు ఆమెకు జవాబు సరిగ్గా చెప్పలేకపోయాను. "చట్టముందక్కా" అని నసిగాను. "సట్టం ఏడున్నది?" అన్నదామె, చేట అందుకుంటూ. 141వ ఒప్పందంలో ఆ మూడు, ఆరు అధికరణాలను ఆమె మాట్లాడే తెలుగులోకి తెచ్చే పని ఇప్పుడు పెట్టుకున్నాను. 'ముందస్తు అనుమతి లేకుండా' అన్న చోట 'ఎవ్వరినీ అడిగే పని లేకుండ' అని రాసుకున్నాను. వచ్చే కోతలకు అది పట్టుకుని పోతాను. అందులో ఏ మాట నిలుస్తుందో, ఏది పోతుందో ఆమే చెప్పాలి.