దొర, దొరతనము: గోదావరి డెల్టాలో ఒక మాట ప్రస్థానం

అత్తిలి పరిసరాల వరిచేలకు ధవళేశ్వరం నుంచి పశ్చిమ డెల్టా కాలువల గుండా నీరు వస్తుంది. ఆ నీటిని తలచుకున్నప్పుడు అక్కడి రైతు ‘కాటన్ దొర’ అంటాడు. ఆంగ్లేయుల పాలన ప్రస్తావనకు వస్తే గరిమెళ్ళ సత్యనారాయణ ‘మాకొద్దీ తెల్లదొరతనము’ గుర్తుకు వస్తుంది. కృతజ్ఞతకూ తిరస్కారానికీ ఒకే మాట ఆధారమైంది. మన విమర్శ మొదటిదాన్ని ప్రజాస్మృతిగా, రెండవదాన్ని జాతీయోద్యమ కవిత్వంగా విడదీసి చదువుతూ వచ్చింది. అందువల్ల సామ్రాజ్యం పోయినా ‘దొర’ ఎందుకు పోలేదన్న ప్రశ్న మరుగున పడింది.

ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. కాటన్‌ను భగీరథునితో పోల్చే స్నానసంకల్ప శ్లోకం గోదావరి తీరంలో ప్రసిద్ధం. ఆ పోలికను కవిసమయంగా మెచ్చుకొని ఊరుకోలేము. భగీరథుడు తపస్సు చేసి గంగను తెచ్చాడు గాని నీటితీరువా వసూలు చేయలేదు. కంపెనీ సర్కారుకు ఆనకట్ట రాబడి మార్గం కూడా. తరువాత 1865లో మద్రాసు నీటి సెస్సు చట్టం వచ్చింది. శ్లోకంలో మనిషి మిగిలాడు, అతణ్ణి నియమించిన పాలన జారిపోయింది. అయితే ఈ వేర్పాటు పూర్తిగా అబద్ధమూ కాదు. రైళ్ళ కంటే కాలువలే మేలని కాటన్ తన ప్రభుత్వంతోనే వాదించినవాడు.

ఇక గరిమెళ్ళ సమాసం. సహాయ నిరాకరణ కాలంలో ఊరూరా మోగిన ఆ పాట కవిని జైలుకు పంపింది. ‘తెల్లదొర’కు ‘తనము’ చేరిందంటే నిరాకరణ ఆ దొర స్వభావానికి తగులుతుంది. ‘తెల్ల’ అనే విశేషణం ‘దొరతనము’కు చేరిందంటే అర్థం మారుతుంది. పందొమ్మిదో శతాబ్దపు వచనంలో ‘దొరతనమువారు’ అంటే సర్కారువారే కాబట్టి రెండవ విగ్రహమే నాకు సమంజసంగా తోస్తుంది. అలా చదివితే తిరస్కారపు బరువంతా ‘తెల్ల’ మీద పడుతుంది. దొరతనం అనే భావానికి దెబ్బ తగలదు. పాటను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ఉద్యమగీతానికి ఆ సూటిదనం అవసరమే.

డెల్టాకు ఎగువన ఉన్న మన్యంలో ఈ పదం మరో మలుపు తిరిగింది. 1922-24 నాటి అల్లూరి సీతారామరాజు పోరాటంలో ముందు నిలిచిన సోదరులు గాం గంటందొర, గాం మల్లుదొర. ముఠాదారీ వ్యవస్థలోని స్థానిక నాయకత్వం వారి పేర్లలోనే ఉంది. తెల్లదొరలతో పోరాడినవారూ దొరలే. తెలంగాణ పల్లెల్లోనైతే దొర అంటే దేశ్‌ముఖు. అక్కడి రైతాంగ పోరాటం తిరగబడింది అతని మీదే. గోదావరి జిల్లాల సాహిత్య విమర్శ ఈ తేడాను తగినంతగా పట్టించుకోలేదు.

1947 తరువాత ‘దొరతనము’ రాతకోతల నుంచి తప్పుకొంది. దాని చోట నిలిచిన ‘ప్రభుత్వం’ వ్యుత్పత్తి చూస్తే ప్రభువు యొక్క భావమే. సంస్కృతపు ముసుగులో అర్థం చెక్కుచెదరలేదు. 1982లో జాతికి అంకితమైన కొత్త బ్యారేజీకి కాటన్ పేరే పెట్టారు. గంటందొర 1924లోనే పోలీసుల తూటాలకు నేలకొరిగాడు. అండమాన్ శిక్ష అనుభవించి వచ్చిన మల్లుదొర మాత్రం విశాఖపట్నం నుంచి గెలిచి 1952లో మొదటి లోక్‌సభలో కూర్చున్నాడు, ఆ పేరుతోనే.