జీర్ణనౌకోద్ధరణము

సముద్రయానమునందు అభిలాష మెండుగా నుండి, కొత్త ఓడను కొనుటకు వలయు ధనము లేని దంపతులకు పాశ్చాత్య దేశముల రేవులలో ఒక పాత త్రోవ కలదు. ఎవరో వాడి విడిచిన తెరచాప పడవనొకదానిని చౌకగా కొని, దాని పలకలను, కొయ్యలను, మోకులను తమ చేతులతోనే బాగుచేసికొనుచు, ఆ పని సాగుచుండగనే నావికవిద్యను కూడ అభ్యసించుట ఆ త్రోవ. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప ఇంగ్లండులో ఎందరో దీనిని పట్టిరి. నేడును యూరపు, అమెరికా తీరములలో పట్టుచునే యున్నారు. పైకి ఇది బీదవారి ఉపాయముగా కనిపించును గాని, నేను దీనిని ఉత్తమమైన విద్యాభ్యాసమార్గమందును. అయితే ఇందుకొక నియమము కలదు. మరమ్మతును, యానమును వేరుచేయక, ఈ ఆదివారము బిగించిన దానిని వచ్చు ఆదివారము గాలిలో పరీక్షించుచు, గాలి బయటపెట్టిన లోపమును మరల రేవునకు వచ్చి సరిదిద్దుచు, రెంటిని జంటగా నేర్చినవారినే ఈ త్రోవ దరి చేర్చును.

ముందుగా పాత పడవను ఎట్లు పరీక్షింతురో చెప్పవలెను. ఏలయన విద్యారంభము అక్కడనే. వైద్యుడు రోగి వీపును వ్రేలితో తట్టి లోని మాట వినునట్లు, ఎరిగినవారు చిన్న కొయ్యసుత్తితో పడవ పలకలను వరుసగా తట్టుచు పోవుదురు. గట్టి కొయ్య ఖంగున పలుకును. కుళ్ళిన చోట ధ్వని మందగించును. అచ్చట సన్నని మొనగల కత్తిని గ్రుచ్చి, అది ఎంత సులభముగా దిగునో చూతురు. సముద్రపు ఉప్పునీరే కొయ్యను చెరచునని సామాన్యముగా అనుకొందురు. నిజమునకు కుళ్ళు పుట్టించు బూజునకు ఉప్పునీరు గిట్టదు. వాననీరే దానికి ప్రాణాధారము. డెక్కు సందులనుండి దిగిన వాన గాలి యాడని మూలలలో నిలిచినప్పుడు, పైకి రంగు నిగనిగలాడుచుండగనే లోపలి దూలము పొడియై పోవును. అందుచేత అనుభవము గలవారి దృష్టి మొదట పోవునది నీట మునిగియుండు అడుగుభాగమునకు కాదు. డెక్కు అంచులకు, కిటికీల క్రింది మూలలకు, అమరపు కొసలకు. ఉప్పునీటిలోని శత్రువు వేరొకటి. టెరీడో అను ఆ ప్రాణిని ఓడపురుగని పిలుతురు గాని, అది ఆలుచిప్పల జాతికి చెందినది. వెలుపల సూదిమొన పట్టునంత రంధ్రము మాత్రమే చేసి ప్రవేశించి, లోపల కొయ్యను జల్లెడ చేయును. దీనికి విరుగుడుగానే 18వ శతాబ్దిలో బ్రిటిష్ నౌకాదళము తన ఓడల అడుగుభాగములకు రాగిరేకు తొడిగినది.

కుళ్ళిన పలకను తీసి కొత్తది వేయుట వడ్రంగము తెలిసినవారికి కష్టము కాదు. ఆవిరిపెట్టెలో ఉంచి మెత్తబరచిన పలకను, అది చల్లారకమునుపే పడవ వంపునకు వంచి బిగింతురు. కష్టమైనది సందులు పూడ్చుట. పలకకును పలకకును నడుమ వెలుపలివైపు సన్నని గాడి విడిచి, అందులో మొదట ప్రత్తిపేటను, పెద్ద పడవలలో దానిపైన తారు పట్టించిన నారను, మొద్దు ఉలివంటి ఇనుప పనిముట్టుతో కొట్టి కూర్చి, పైన కీలుగాని పుట్టీగాని పూయుదురు. వదులుగా కూర్చినచో నీరు కారును. మితిమీరి బిగించినచో, నీటిలో ఉబ్బిన పలకలకు చోటు చాలక మేకులు పట్టు వదలును, అడ్డకట్లు విరుగును. ఎంత కొట్టవలెనో ఏ పుస్తకమును చెప్పలేదు. సుత్తిదెబ్బ ధ్వని మారుటను బట్టి చెవి నేర్చుకొనవలసినదే. గట్టుమీద చాలకాలము ఎండిన పడవను నీట దింపగానే అన్ని సందులనుండియు నీరు చిమ్మును. కొత్తవారి గుండె జారిపోవునది ఆ గడియలోనే. కాని పలకలు నీరు త్రాగి ఉబ్బిన కొలది సందులు తమంతట తాము మూసికొనును; అంతవరకు రాత్రింబవళ్ళు పంపు విడువక నీరు తోడుచుండుటే చేయవలసిన పని. గోదావరి ముఖద్వారమున కోరంగి, తాళ్ళరేవుల పడవ వడ్రంగులకు ఈ సంగతి చిరపరిచితము. ఆ విద్య మనదియు కనుకనే పరదేశపు రేవులలోని ఈ పనిని గూర్చి చదువునప్పుడు నాకు అన్యమనిపింపదు.

ఇప్పటి దంపతులు కొనునవి చాలవరకు కొయ్య పడవలు కావు. 1950లలో గాజునారతో పడవలు పోతపోయు పద్ధతి వ్యాపించినది. 1959లో అమెరికాలో వెలువడిన పియర్సన్ ట్రైటన్ వంటి 28 అడుగుల పడవలు వందలకొలదిగా తయారై, నేటికిని చౌకగా దొరకుచున్నవి. వీటి పై తొడుగు కుళ్ళదు గాని, డెక్కు రెండు పొరల నడుమ పెట్టిన బాల్సా కొయ్య కుళ్ళును. కడ్డీలు బిగించిన బోల్టుల ప్రక్కనుండి వాననీరు దిగుటయే ఇక్కడను కారణము, కొయ్యసుత్తితో తట్టుటయే ఇక్కడను పరీక్ష. తెరచాపకొయ్యను నిలబెట్టు ఉక్కుతీగల సంగతి మరింత జాగ్రత్తగా చూడవలెను. అవి తుప్పు కనబరచకయే ఒకనాడు పుటుక్కున తెగును. కనుక పైకి బాగున్నట్లే తోచినను పది పదిహేనేండ్లకొకసారి మార్చుట వాడుక.

ఈ పనులన్నియు చేసినవారికి పడవ నడుపుట సగము వచ్చినట్లే. తెరచాప పడవ గాలికి సూటిగా ఎదురు పోలేదు. గాలి వచ్చు దిక్కునకు ఇటు అటు సుమారు 45 డిగ్రీల కోణములోనికి దానిని తిప్పుటకు వీలుపడదు. కావున ఎదురుగాలిలో గమ్యము చేరుటకు కొంతదూరము ఎడమగాను, కొంతదూరము కుడిగాను వంకరటింకరగా నడపవలెను. చాపమీద గాలి ప్రక్కకు త్రోయుచుండగా, నీటిలో లోతుగా దిగిన అడుగుదూలము ఆ త్రోపును అడ్డగించి ముందు నడకగా మార్చును. ఆ అడుగుదూలమునకు సీసపు బరువును బిగించిన బోల్టులను తానే ఊడదీసి, అరిగిన వానిని మార్చినవానికి, గాలివానలో పడవ ప్రక్కకు ఒరిగినప్పుడు దానిని మరల నిలబెట్టునది ఏదో ఒకరు చెప్పనక్కరలేదు. చాప వైశాల్యమును తగ్గించి కట్టుకొను విధమును, దానికి వలయు చిన్న త్రాళ్ళను తన చేతులతో కుట్టినవాడు గాలి ముదరకమునుపే జ్ఞప్తికి తెచ్చుకొనును. వెనుకగాలిలో, చాప అడుగున కట్టిన అడ్డదూలము ఒక వైపునుండి మరియొక వైపునకు హఠాత్తుగా విసరుకొనుట తలలు పగులగొట్టు ప్రమాదము. ఆ దూలమును భుజమున మోసి రేవుకు తెచ్చినవారు దానిని తేలికగా చూడరు.

దంపతుల విషయమున ఇంకొక మాట. పురుషుడు చుక్కాని పట్టుటయు, స్త్రీ త్రాళ్ళు లాగుటయు, వంట చేయుటయు అను పంపకము ఎన్నో పడవలలో కనబడును. ఇది అనుచితమే కాదు, ప్రాణాంతకము. ఇరువురు మాత్రమే యున్న పడవనుండి ఒకరు నీట పడినచో, మిగిలిన ఒక్కరే పడవను త్రిప్పి, పడినవారిని కనుమరుగు కానీయక, ప్రక్కకు చేర్చి, పైకి లాగవలెను. కాబట్టి ఇద్దరికిని అన్నియు రావలెను. మరమ్మతు దినములలోనే ఈ సమత్వము అలవడినచో సముద్రముమీద దానికై వాదులాట ఉండదు.

ఇందుకు స్మీటన్ దంపతులకంటె గొప్ప ఉదాహరణము నాకు తెలియదు. మైల్స్ స్మీటన్ భారత సైన్యమున హాడ్సన్స్ హార్స్ అశ్వికదళపు అధికారి. బర్మా రంగమున పోరాడి బ్రిగేడియరైనవాడు. భార్య బెరిల్ యుద్ధమునకు పూర్వమే పర్షియా, రష్యా, చైనాలను ఒంటరిగా చుట్టివచ్చిన ధీర. 1939లో ఇద్దరును టెన్సింగ్ నార్గే తోడుగా హిందూకుష్ పర్వతములలోని తిరిచ్ మీర్ శిఖరమును ఎక్కబూనిరి. ఇంతటివారికిని తెరచాప సంగతి తెలియదు. యుద్ధానంతరము కెనడాలోని సాల్ట్ స్ప్రింగ్ ద్వీపమున భూమి కొనిన వీరికి, ఇంగ్లండులోని తమ ధనమును దేశము దాటింపనీయని ద్రవ్యనిబంధనలు అడ్డురాగా, ఆ ధనముతో అక్కడనే పడవ కొని, కెనడాకు నడిపించుకొనిపోయి అమ్ముకొందమను ఆలోచన పుట్టినది. 1951లో వారు కొన్న ట్జు హాంగ్, 1938లో హాంగ్‌కాంగులో టేకుతో కట్టిన 46 అడుగుల రెండు కొయ్యల పడవ. నడుపుచు నేర్చికొనిరి, నేర్చుచు పసిఫిక్ తీరము చేరిరి; ఆ తరువాత దానిని అమ్మ మనసొప్పలేదు.

1956 డిసెంబరులో మెల్బోర్న్ నుండి కేప్ హార్న్ మీదుగా ఇంగ్లండునకు బయలుదేరినప్పుడు, తన పడవను తానే కట్టుకొన్న యువ వడ్రంగి జాన్ గజ్‌వెల్ వారికి తోడైనాడు. 1957 ఫిబ్రవరి 14న, దక్షిణ పసిఫిక్ మహాసముద్రమున, పడవ వేగము మితిమీరకుండ 60 బారల మోకును వెనుక ఈడ్చుకొనుచు అలల ముందు పరుగిడుచుండిరి. చుక్కాని వద్ద బెరిల్ ఉండెను. వెనుకనుండి లేచిన ఒక మహాతరంగము అమరమును పైకెత్తి, అణియమును నీట క్రుచ్చి, పడవను తలక్రిందుగా విసరివైచెను. దూరముగా నీట పడిన బెరిల్, గాయపడిన దేహముతోనే ఈదివచ్చి విరిగిన కొయ్యను పట్టుకొనెను. రెండు కొయ్యలును, చుక్కానియు పోయినవి. డెక్కుమీది గది ఊడిపోయి దాని తావున పెద్ద రంధ్రము మిగిలినది. ఆ రంధ్రమును పలకలతోను చాపగుడ్డతోను మూసి, బకెట్లతో నీరు తోడి, లోపల దొరకిన కలపతోనే పొట్టి కొయ్యను, నడుపుతెడ్డును చేసికొని, వేయి మైళ్ళకు పైబడిన దూరము నడిపించి మార్చిలో చిలీ తీరపు కొరొనెల్ రేవు చేరిరి. టాల్కావానోలోని నౌకాదళపు కర్మశాలలో పడవను నెలల తరబడి బాగుచేసికొని, డిసెంబరులో మరల బయలుదేరిరి, ఈసారి దంపతులిద్దరే. మొదటిసారి అలల ముందు పరుగిడుట ముప్పు తెచ్చెను గదా యని, ఈసారి తుపానులో చాపలన్నియు దించి పడవను నీటి ఇచ్చకు విడిచిరి. డిసెంబరు 26న అల దానిని ప్రక్కకు దొర్లించి మరల కొయ్యలు విరిచెను. మరల అతుకుకొయ్య కట్టి వాల్పరైసో చేరిరి.

ఈ రెండు ప్రమాదములను గూర్చి నావికులు నేటికిని వాదించుకొందురు: పరుగు మేలా, నిలుపు మేలా యని. మైల్స్ తన గ్రంథమున రెంటిని దాపరికము లేక వర్ణించినాడు. నవలాకారుడు నెవిల్ షూట్ దానికి పీఠిక వ్రాసినాడు. నాకు మాత్రము ఆ వాదము కంటె ముఖ్యముగా తోచునది వేరు. ఆ నీటిలో ఏ పద్ధతియు వారిని కాపాడలేదు. రంపము, సుత్తి, వానిని పట్టుటకు అలవాటుపడిన చేతులు కాపాడినవి. 1968 డిసెంబరులో అదే పడవలో వారు కేప్ హార్న్‌ను చుట్టి తమ పంతము నెరవేర్చుకొనిరి.

మరమ్మతును, యానమును విడదీసినవారి కథ విషాదకరము. ఫ్రాంక్, ఆన్ డేవిసన్ దంపతులిద్దరును విమానచోదకులు. రిలయన్స్ అను 70 అడుగుల పాత చేపలపడవను కొని, ఫ్లీట్‌వుడ్ రేవున కట్టివేసియుంచి, ఉన్నదంతయు దానికే ధారపోసిరి. పని తరుగలేదు, అప్పులు పెరిగినవి. పడవను ఋణదాతలు కైవసము చేసికొందురన్న భయముతో 1949లో, తగినంతగా పరీక్షింపని ఆ పడవలోనే రేవు విడిచిరి. ఇంగ్లీషు ఛానలులో గాలివానలకు చిక్కి, పోర్ట్‌లాండ్ బిల్ బండలమీద పడవ బద్దలైనది, ఫ్రాంక్ మరణించినాడు. ఇద్దరు మనుష్యులకు 70 అడుగులు మోయరాని భారము. గట్టుననే గడచిన కాలము వారికి సముద్రమును నేర్పలేదు. ఆ దుఃఖమునుండి లేచిన ఆన్, కేవలము 23 అడుగుల ఫెలిసిటీ ఆన్ అను పడవను ఎన్నుకొని, ముందు నడుపుట నేర్చికొని, 1952 మేలో ప్లిమత్ నుండి బయలుదేరి 1953 జనవరిలో డొమినికా ద్వీపము చేరినది. అట్లాంటిక్‌ను ఒంటరిగా తెరచాపతో దాటిన మొదటి స్త్రీ ఆమె. శిథిలమైన ఆ పడవను సైతము, కొయ్యపడవల నిర్మాణము నేర్పు అమెరికా పాఠశాల విద్యార్థులును ఇతరులును ఏండ్లు శ్రమించి బాగుచేయగా, 2018లో అది మరల నీట దిగినది.

ఈ విద్య మనవారికి అందనిదేమియు కాదు. 2017 సెప్టెంబరులో గోవానుండి ఐ.ఎన్.ఎస్.వి. తారిణి అను తెరచాప నౌకలో భూగోళమును చుట్టివచ్చిన ఆరుగురు నౌకాదళ స్త్రీలలో విశాఖపట్టణపు పి. స్వాతి, హైదరాబాదు బి. ఐశ్వర్య ఉండిరి. ఆ యాత్ర చివరలో చుక్కాని యంత్రాంగము చెడగా మారిషస్‌లో ఆగి బాగుచేసికొని, 2018 మేలో స్వదేశము చేరిరి. హుస్సేనుసాగరములో చిన్న తెరచాప పడవల శిక్షణ చిరకాలముగా జరుగుచున్నది. విదేశములలో స్థిరపడిన తెలుగువారికైతే సరస్సులు, సముద్రతీరములు ఇంటి ప్రక్కనే యున్నవి. పాత పడవను కొనదలచిన దంపతులకు నా మనవి ఇది. ముందు ఇతరుల చిన్న పడవలో గాలిని తెలిసికొనుడు. కొనునది 30 అడుగులకు మించకుండునట్లు చూచుకొనుడు. ఉన్న ధనమంతయు కొనుగోలుకే వెచ్చింపక, మరమ్మతుకు తగినంత విడిగా ఉంచుడు. ఒక ఋతువులో మరల బిగింపగలిగినంత మాత్రమే విప్పుడు. మిగిలిన దినములలో, రంగు వేయకున్నను సరే, ఇద్దరును వంతులవారీగా చుక్కాని పట్టి పడవను నీటిమీద నడపుడు.