నీటికి పాత్ర, నిప్పుకు నివురు

లంబసింగిలో డిసెంబరు తెల్లవారుజామున ఐదింటికి గది తలుపు తీసుకుని బయటికొస్తే చాచిన చేయి కనిపించదు. ముందు చెవికి అందుతుంది లోకం: ఎక్కడో పశువు మెడలో గంట, ఘాట్ రోడ్డు మీద జీపు గేరు మార్చిన చప్పుడు. తర్వాత గాలి తగులుతుంది, ముక్కు చివర మొద్దుబారిపోతుంది. నాలుగడుగులు వేస్తే రోడ్డు పక్కన ఎవరో వేసుకున్న నెగడు. ఆ మంట చుట్టూ మాత్రమే మనుషులకు ముఖాలున్నాయి. గ్లాసుడు టీ గొంతు దిగాక నాలుక మేలుకుంటుంది. ఎనిమిది దాటి, ఎండ మంచుపొరను చీల్చుకుని వచ్చాక గానీ తడిమట్టి వాసన, కాఫీ తోటల్లో నానిన ఆకుల వాసన పైకి లేవవు.

శబ్దం, స్పర్శ, రూపం, రసం, గంధం. ఆకాశం నుంచి వాయువు, వాయువు నుంచి అగ్ని, అగ్ని నుంచి నీరు, నీటి నుంచి భూమి పుట్టాయని తైత్తిరీయోపనిషత్తు చెబుతుంది. మన శాస్త్రకారులు ఈ పంచభూతాల వరుసకే గుణాలు జతచేశారు. ఆకాశానికి శబ్దం ఒక్కటే. గాలికి శబ్దంతో పాటు స్పర్శ. నిప్పు దగ్గర రూపం, నీటి దగ్గర రుచి కలుస్తాయి. భూమి దగ్గరికొచ్చేసరికి వాసనతో కలిపి ఐదూ ఉంటాయి. పుస్తకంలో చదివినప్పుడు ఈ లెక్క నా బుర్రకెక్కలేదు. లంబసింగి మంచులో చెవికీ చర్మానికీ కంటికీ అదే వరుసలో ఎక్కింది.

కథలు రాసేవాళ్లకు ఇంతకన్నా పనికొచ్చే పాఠం నాకు తెలియదు. ఆకాశపు మనిషిని గొంతుతో మాత్రమే పరిచయం చెయ్యొచ్చు, ముఖం చూపించనక్కర్లేదు. గాలి మనిషి వచ్చి వెళ్లినట్టు తగిలితే చాలు. మట్టి మనిషిని రాసేటప్పుడు మాత్రం దేనికీ పీనాసితనం పనికిరాదు. ఐదు ఇంద్రియాలకూ అందాలి.

ఫాంటసీ రాస్తున్న కుర్రవాళ్ల కథలు నేను ఇష్టంగా చదువుతాను. వాటిలో తరచు కనిపించే లోపం ఒకటుంది. నిప్పు అంటే కోపం, నీరు అంటే శాంతం, గాలి అంటే చాపల్యం, భూమి అంటే ఓర్పు అని నలుగురికి నాలుగు చీటీలు అంటించి వదిలేస్తారు. పడమటి దేశాల్లో గాలెన్ వైద్యం నుంచి వచ్చిన నాలుగు స్వభావాల పట్టిక కూడా పేలవంగా వాడితే ఇలాగే తయారవుతుంది. భూతం పాత్రకు ఇవ్వాల్సింది గుణం కాదు, ఒక ఆకలీ ఒక హద్దూ. నిప్పు ఏదో ఒకటి తినకుండా బతకలేదు. నీరు పల్లం వైపు పోకుండా ఉండలేదు. ఆ ఆకలీ హద్దూ తెలిస్తే కోపమో శాంతమో అదే పుడుతుంది.

దీనికి మంచి ఉదాహరణ ఇక్కడే ఉంది. లంబసింగి ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. దానికి పది రోజుల ముందు, మార్చి 25న, రాజమౌళి 'ఆర్ఆర్ఆర్' విడుదలైంది. అందులో అల్లూరి సీతారామరాజు నిప్పు, గోండు వీరుడు కొమురం భీమ్ నీరు. చరిత్రలో ఈ ఇద్దరూ కలుసుకోలేదు. 1922 ఆగస్టు 22న ఈ పక్కనే ఉన్న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడితో మన్యం పోరాటాన్ని రగిలించిన రాజును 1924 మే 7న కొయ్యూరు దగ్గర కాల్చి చంపారు. కొమురం భీమ్ 1940లో జోడేఘాట్‌లో ప్రాణం వదిలాడు. వాళ్లిద్దరినీ కలిపింది కల్పన. ఆ కల్పన నిలబడింది పంచభూతాల్లో రెండింటి మీద.

ఆ సినిమాలో నాకు నచ్చింది మంటలూ అలలూ కాదు. రాజు అనే నిప్పు పోలీసు యూనిఫాం కింద దాగి ఉండటం. 'నివురుగప్పిన నిప్పు' అని మనం రోజూ అనే మాటే ఒక మనిషై నడిచింది. పైన బూడిదలా చల్లటి విధేయత, లోపల తండ్రికిచ్చిన మాట. ఇక భీమ్. నీరు ఏ పాత్రలో పోస్తే ఆ పాత్ర రూపం పొందుతుంది. అతను ఢిల్లీలో అక్తర్ అనే మెకానిక్ రూపం పొందాడు. గిన్నెనూ, కథలోని మనిషినీ ఒకే మాటతో పిలిచే భాష మనది. నీటి పాత్రను మలచడం తెలుగువాడికి నేర్పక్కర్లేదు. ఇద్దరూ వేషంలోనే ఉన్నారు, కానీ ఒకరు కప్పుకున్నారు, మరొకరు ఒదిగిపోయారు. భూతాన్ని బట్టి అబద్ధమాడే తీరే మారిపోయింది! వంతెన కింద ఘట్టంలో ఇద్దరూ కలిసి పిల్లవాణ్ని మంటల నుంచి కాపాడతారు. నిప్పు మనిషీ నీటి మనిషీ అక్కడ ఒక్కటయ్యారు. వాళ్ల స్నేహం ఎలాంటిదో ఒక్క డైలాగు లేకుండా అక్కడే చెప్పేశారు.

నాకు నచ్చనిదీ ఒకటుంది. నీటి స్వభావం క్రమంగా గోండు మనిషి అమాయకత్వంగా మారిపోయింది. చివరికి భీమ్ రాజును చదువు అడుగుతాడు. అసలు భీమ్ చదవడం, రాయడం నేర్చుకున్నవాడని ఆయన జీవితకథలు చెబుతాయి. 'జల్, జంగల్, జమీన్' అని హక్కుల పట్టికను మూడు మాటల్లో కుదించిన బుర్ర అది. భూతాన్ని ఒక మనిషికి ఇవ్వండి, ఒక జాతికి ఇవ్వకండి. కొండవాళ్లంతా మట్టి మనుషులు, అడవివాళ్లంతా కల్లాకపటం తెలియని సెలయేళ్లు అని రాసిన రోజు వాళ్లు మనుషులుగా మిగలరు. బగతలు, కొండదొరలు, కోందులు, వాల్మీకులు ఉన్న ఈ కొండల్లో ఒక్క సంతరోజు కూర్చుంటే చాలు, ఒక ఊళ్లోనే ఐదు భూతాల మనుషులూ కనిపిస్తారు.

నిప్పు గురించి కూడా ఈ కొండలు వేరే మాట చెబుతాయి. పోడు వ్యవసాయంలో వాలు మీది పొదలు నరికి, ఎండబెట్టి, వానలకు ముందు కాలుస్తారు. ఆ బూడిదలోనే సామ, చోడి, కంది మొలుస్తాయి. 1882 మద్రాసు అటవీ చట్టం ఆ నిప్పుకు అడ్డుపడింది. రాజు వెనక కొండలు నడవడానికి ఉన్న కారణాల్లో అదొకటి. అంటే ఇక్కడి నిప్పు కోపం కన్నా ముందు అన్నం. నిప్పును వడ్డించే చేతిగా చూపిన పాత్ర తెలుగు ఫాంటసీలో నాకింకా తారసపడలేదు. ఎవరైనా రాస్తే మొదట చదివేవాణ్ని నేనే.

మనకిది కొత్త విద్యేమీ కాదు. పెద్దన 'మనుచరిత్ర'లో ప్రవరుడు నిత్యాగ్నిహోత్రి. సిద్ధుడిచ్చిన పాదలేపంతో హిమాలయానికి పోతాడు. అక్కడ మంచుకు ఆ లేపం కరిగిపోతుంది. నిప్పును కొలిచే మనిషిని నీళ్లు కొండమీద బందీ చేశాయి. అక్కడ ఎదురైన వరూధిని కోరి వచ్చినా ఒప్పుకోక అగ్నినే ప్రార్థిస్తాడు, అగ్నే ఇల్లు చేరుస్తుంది. అతని నిష్ఠా, పట్టుదలా, ప్రేమ ముందు అతని కఠినత్వమూ ఒకే పొయ్యిలోంచి వచ్చాయి. కాళ్లకు రాసుకున్న పసరు కరగడం అనే చిన్న సంగతితో కథంతా తిరిగింది. భూతాన్ని వాడటమంటే అది.

భట్టుమూర్తి 'వసుచరిత్ర'లో ఏకంగా కొండా, నదీ పాత్రలు. కోలాహల పర్వతం శుక్తిమతి నదిని మోహించి అడ్డం పడుతుంది. వసురాజు కాలితో తన్ని దారి చేస్తాడు. ఆ కొండకూ నదికీ పుట్టిన గిరికే వసురాజు భార్య. కదలలేనిదానికి కదిలేదాని మీద మోజు, ఆగలేనిదానికి ఆపేదంటే భయం. లంబసింగి పక్కనున్న తాజంగి వైపు ఏ గెడ్డ, అంటే కొండవాగు, ఒడ్డున నిలబడినా ఈ కథ నాకు గుర్తొస్తుంది.

1961 నాటి 'జగదేకవీరుని కథ'లో ఇంద్రకుమారి, నాగకుమారి, వరుణకుమారి, అగ్నికుమారి నలుగురూ ఒకే ఇంటి కోడళ్లవుతారు. ఎంత గొప్ప అమరిక! ఆ సినిమా అంటే నాకు ప్రాణం. కానీ కథ బరువంతా ఇంద్రకుమారి జయంతి మీదే పడింది. వరుణకుమారి వారుణికీ అగ్నికుమారి మరీచికీ మధ్య నీటికీ నిప్పుకీ ఉండాల్సిన రాపిడి పెద్దగా పుట్టలేదు. ఆ నలుగురి కాపురాన్ని మళ్లీ రాయడానికి చోటు మిగిలే ఉంది.

ఇంకొక పరికరం వేదాంతులది, పంచీకరణం. మన కంటికి కనిపించే ఏ భూతమూ శుద్ధం కాదంటారు. సగం తనది, మిగతా సగంలో తక్కిన నాలుగూ తలా ఎనిమిదో వంతు. పాతకాలపు లెక్కలో చెప్పాలంటే, రూపాయిలో అర్ధరూపాయి సొంతం, మిగతా నలుగురివీ తలా ఒక బేడ. పాత్రకు ప్రాణం పోసేది ఆ బేడలే. గంగ కొడుకు భీష్ముడు కదలని ప్రతిజ్ఞ పట్టుకుని కూర్చున్నాడు. నీటి బిడ్డలో మట్టి పాలు ఎక్కువైందన్నమాట. భీముడూ హనుమంతుడూ ఇద్దరూ గాలి కొడుకులే. ఒకడిది ఆకలి, ఒకడిది అదుపు. సౌగంధిక పుష్పం కథలో గాలి ఒక పువ్వును ద్రౌపది దగ్గరికి తెస్తుంది. నిప్పులో పుట్టిన ఆమె అలాంటివి ఇంకా కావాలంటుంది. తేవడానికి పోయిన గాలి కొడుకుకు దారిలో తోక అడ్డం పెట్టుకుని పడుకున్నవాడూ గాలి కొడుకే. భీముడు ఆ తోకను ఎత్తలేకపోతాడు. ఒకే భూతాన్ని ఇద్దరికిచ్చి ఎదురెదురు నిలబెడితే వచ్చే అందం, వేర్వేరు భూతాలను కొట్లాడిస్తే రాదు.

'అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్' 2005లో మొదలై లోకమంతటి పిల్లలకు నాలుగు భూతాలను పరిచయం చేసింది. మన పిల్లలూ ఇష్టంగా చూశారు, చూడాల్సిందే. ఐదోదైన ఆకాశం మన దగ్గర ఉంది. దాన్ని పాత్రగా మలచడం అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే దానికి గొంతు తప్ప మరేదీ లేదు.

తెలుగులో ఫాంటసీ రాస్తున్నవాళ్లకు నా మనవి. ఈ చలికాలం ఒక్కసారి లంబసింగి రండి. ఈ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది, రాత్రి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రులా బిగుసుకుపోతాడని అలా అన్నారట. అందుకని ఒళ్లంతా బాగా కప్పుకోండి. ఐదింటికి లేచి, ఫోను లైటు ఆర్పేసి, మీ కథలోని మనిషి ఆ మంచులోంచి ఎలా వస్తాడో వినండి. ఎండ వచ్చేదాకా అక్కణ్నుంచి కదలకండి.